మీకు తెలుసా? టీబీ కబురు మెడికల్ షాపు నుంచి

టీబీ గోలీలు అమ్మిన మెడికల్ షాపు ఆ రోగి వివరాలను ప్రభుత్వానికి తెలపాలని నిబంధన ఉంది, మీకు తెలుసా? 2018 మార్చిలో వచ్చిన కేంద్ర గెజిట్ డాక్టర్లు, ల్యాబులతో పాటు మందుల దుకాణాలకూ ఈ బాధ్యత అప్పగించింది. అంతకుముందే, 2014 మార్చి 1 నుంచి, టీబీ మందులతో సహా 46 మందులు షెడ్యూల్ హెచ్1 కిందికి వచ్చాయి. దీని ప్రకారం చీటీ రాసిన డాక్టరెవరు, కొన్నదెవరు, ఏ మందు, ఎన్ని గోలీలు అన్నవి వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి.

ఆసిఫాబాద్ లాంటి చోట ఈ రాత విలువ ఇంకా ఎక్కువ. ఆదిలాబాద్ నుంచి విడివడి 2016 అక్టోబర్ 11న కుమురం భీం పేరుతో జిల్లా అయింది. ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది 2023లోనే. తిర్యాణి, కెరమెరి గూడేల నుంచి సంతకు దిగివచ్చినవాళ్లు దగ్గు తగ్గట్లేదని ముందుగా చెప్పుకునేది చాలాసార్లు మెడికల్ షాపాయనకే. రెండు మూడు వారాలుగా దగ్గు, సాయంత్రం జ్వరం, ఒళ్లు తగ్గిపోవడం అని వింటే సిరప్ సీసా ఇచ్చి పంపకుండా, తెమడ పరీక్షకు సర్కారు దవాఖానకు పంపగలిగేది ఆయనే.

వాంకిడి దాటితే మహారాష్ట్ర. ఇక్కడ మందులు మొదలుపెట్టిన మనిషి పనికోసం చంద్రాపూర్ వెళ్తే షాపు రిజిస్టర్ ఆయన వెంట పోదు. టీబీ రోగుల వివరాలు నమోదు చేసేందుకు 2012లో మొదలైన నిక్షయ్ పోర్టల్‌లో పేరు ఎక్కితే మాత్రం, అవతలి టీబీ సిబ్బంది ఇక్కడి చికిత్స ఎంతవరకు వచ్చిందో చూసి కొనసాగించగలరు. పేరు ఎక్కినవారికి పోషకాహారం కోసం బ్యాంకు ఖాతాలో డబ్బు పడుతుంది. 2018లో నెలకు రూ.500 ఉండేది, 2024 నవంబర్ నుంచి రూ.1,000 అయింది. షాపాయన కబురు అందించకపోతే రోగి నష్టపోయేది ఇక్కడే.

మరి గోలీ రోజూ వేసుకుంటున్నారో లేదో తెలిసేదెలా? దీనికి 99డాట్స్ అనే చక్కని పద్ధతి వచ్చింది. గోలీల అట్టకు పైన ఒక కవరు ఉంటుంది. గోలీ బయటికి తీస్తే, దాని వెనక దాగిన ఫోన్ నంబరు కనిపిస్తుంది. ఆ నంబరుకు రింగిస్తే చాలు, పైసా ఖర్చు లేదు, ఆ రోజు మందు తీసినట్టు నమోదవుతుంది. ఈసారి ఏ నంబరు వస్తుందో గోలీ తీస్తే గాని తెలియదు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, బటన్ల ఫోనుతోనే పని అయిపోతుంది. ఏజెన్సీ పల్లెలకు పనికొచ్చే సాంకేతికత అంటే ఇలా ఉండాలి.

అయితే ఏ ఫోనూ చేయలేని పని ఒకటుంది. రిఫాంపిసిన్ అనే టీబీ మందు మొదలుపెట్టగానే మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తం పడుతోందని భయపడి గోలీలు మానేసేవాళ్లున్నారు. “రంగు మారితే భయపడకు, అది మందు రంగే. మధ్యలో మాత్రం మానకు” అని కౌంటరు దగ్గర మెల్లగా, పక్కవాళ్ల చెవిన పడకుండా చెప్పే ఒక్క మాట ఆరు నెలల వైద్యాన్ని నిలబెడుతుంది.

ఆ మాట చెప్పడానికి ఫార్మసిస్టుకు తీరిక దొరకాలి. ఒకే వివరాన్ని బిల్లులో ఒకసారి, రిజిస్టర్లో ఒకసారి, పోర్టల్‌లో మరోసారి రాయించడం న్యాయం కాదు. టీబీ మందుకు బిల్లు కొట్టినప్పుడే వివరాలు రిజిస్టర్‌కూ నిక్షయ్‌కూ చేరాలి. సిగ్నల్ లేని పూట ఫోనులోనే భద్రంగా ఉండి, సిగ్నల్ రాగానే వెళ్లిపోవాలి. చిన్న పట్నాల షాపులకు ముందుగా చేయవలసిన సాయం ఇదే.

ఇంకొక్క సంగతి. టీబీ మందులు వాడేవారికి కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి, అది కాలేయానికి సంబంధించిన హెచ్చరిక కావచ్చు. ఏ మందైనా పడకపోతే ఆ విషయాన్ని ఫార్మసిస్టే కాదు, రోగి కూడా మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కు చెప్పవచ్చు.