ఒక దరఖాస్తు – పెక్కు పట్టికలు

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు ఏ వేళ పోయి చూచినను చదువరుల రద్దీ కనిపించును. లోపలి బల్లలు నిండిన పిమ్మట వచ్చినవారు ఆవరణలోని చెట్ల నీడను కూర్చుండి చదువుకొందురు. వారిలో పెక్కుమంది కథల కొరకో, వార్తాపత్రికల కొరకో వచ్చినవారు కారు. ప్రభుత్వోద్యోగ పరీక్షలకు సిద్ధపడుచున్నవారు. ఇచ్చట చదువు ముగిసిన తరువాత వారు అశోక్‌నగర్‌లోని శిక్షణ తరగతులకో, చిక్కడపల్లి, నారాయణగూడ సందులలోని హాస్టళ్లకో చేరుకొందురు. ఈ పత్రికను చదువు గృహములలో, కుమారునో కుమార్తెనో ఈ మూడు పేటలలో ఒక గదిలో ఉంచి చదివించుచున్నవి కొన్నియైనను ఉండకపోవు.

అట్టి విద్యార్థి పరీక్ష వ్రాయుటకు ముందు దరఖాస్తు వ్రాయవలెను. పూర్వము దానిని కాగితముపై వ్రాసి తపాలాలో పంపెడివారు. నేడది కంప్యూటరు తెరపై కనిపించు ఫారము. పైనుండి క్రింది వరకు గడులు, అడుగున ఒక మీట. ఆ మీటను నొక్కినచో పని ముగిసినట్లే మనకు తోచును. నిజమునకు అసలు పని అప్పుడే మొదలగును. ఆ ఒక్క నొక్కుతో లోపల ఎన్ని పట్టికలు వ్రాయబడునో, అవి ఒకదానితో నొకటి ఎట్లు ముడిపడునో, ఆ ముడి తప్పినచో ఎవరికి నష్టము కలుగునో వివరింప ప్రయత్నింతుము.

2014 ఆగస్టులో ఏర్పడిన తెలంగాణ రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్, ‘వన్ టైమ్ రిజిస్ట్రేషన్’ అను పద్ధతిని ప్రవేశపెట్టినది. అభ్యర్థి తన వివరములను ఒక మారు నమోదు చేసికొని, ఒక గుర్తింపు సంఖ్యను పొందును. తరువాత వెలువడు ఉద్యోగ ప్రకటనలకు ఆ సంఖ్యతోనే దరఖాస్తు పెట్టుకొనును. ఈ పని ఎంతటిదో ఒక్క ఉదాహరణము చాలును. 2022 డిసెంబరులో వెలువడిన గ్రూప్-4 ప్రకటనకు 9 లక్షలకు పైబడి దరఖాస్తులు వచ్చినవి. ఉద్యోగములు 8 వేల చిల్లర మాత్రమే. ఇంత పోటీలో ఒక అభ్యర్థి నమోదులో ఒక గడి తప్పినను ఆ తప్పు చిన్నది కాదు.

ఫారమును చూచినవారికి అది ఒకే పొడవైన కాగితమువలె తోచును. కాని దాచుచోట దానిని ఒకే కాగితముగా దాచరు. రేషను కార్డును తలచుకొన్నచో ఈ విషయము తేటపడును. కార్డు ఇంటికి ఒకటి. సభ్యులు ఒక ఇంట ఇద్దరు, మరియొక ఇంట ఏడుగురు. కార్డుల పట్టికలోనే సభ్యులకని ఏడు గడులు ముందుగా గీసి యుంచినచో, ఇద్దరున్న ఇంట ఐదు గడులు వ్యర్థమగును. ఎనిమిదవ బిడ్డ పుట్టిన ఇంట చోటు చాలదు. కావున ఇండ్లకు ఒక పట్టికను, మనుష్యులకు వేరొక పట్టికను పెట్టి, ప్రతి మనిషి వరుసలోను అతని ఇంటి కార్డు సంఖ్యను వ్రాయుట మేలు. మొదటిదానిని తల్లి పట్టిక యనియు, రెండవదానిని పిల్ల పట్టిక యనియు ప్రోగ్రాములు వ్రాయువారు వ్యవహరింతురు.

సమాచారమును ఈ విధముగా పట్టికలుగా విడదీసి, సంఖ్యలతో కలిపి యుంచు సిద్ధాంతమును ఐ.బి.ఎం. సంస్థలో పరిశోధకుడుగా నుండిన ఎడ్గార్ కాడ్ 1970 జూన్‌లో ఒక వ్యాసమున ప్రకటించినాడు. అందులకు గాను 1981లో ఆయనకు కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి గొప్పదగు ట్యూరింగ్ బహుమానము లభించినది. నేటి బ్యాంకులు, రైలు టిక్కెట్లు, పరీక్షా ఫలితములు, అన్నియు అధికభాగము ఆ సిద్ధాంతము మీదనే నడచుచున్నవి.

ఇక మన అభ్యర్థి సంగతి. సూర్యాపేట నుండి వచ్చి అశోక్‌నగర్‌లో చదువుకొనుచున్న ఒక అమ్మాయిని ఊహించుకొందము. ఆమె 1 నుండి 4 తరగతులు సూర్యాపేటలోను, 5 నుండి 7 తరగతులు నారాయణగూడలో బంధువుల ఇంట ఉండి హైదరాబాదులోను చదివినది. ఇట్టి ఫారమును నిర్మించువారు సాధారణముగా ఆమె పేరు, పుట్టిన తేది మొదలగువానిని అభ్యర్థుల పట్టికలో ఒక వరుసగా వ్రాయుదురు. తరగతుల వివరములను చదువుల పట్టికలో ఏడు వరుసలుగా వ్రాయుదురు. జిల్లాల పేర్లు 33 వరుసల మరియొక పట్టికలో ముందే యుండును. ఆమె జిల్లా పేరును టైపు చేయదు; జాబితా నుండి ఎన్నుకొనును. లేనిచో ఒకే ఊరిని పదిమంది పది విధములుగా వ్రాయుదురు. లెక్కకు ఒకటియు పనికిరాదు.

చదువులను వేరు పట్టికలో నుంచుటవలన కలుగు ప్రయోజనము 2022లో స్పష్టముగా కనబడినది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము స్థానికతను నిర్ణయించుటకు 4 నుండి 10 వరకు గల తరగతుల చదువును చూచెడివారు. 2018 నాటి ఉత్తర్వు 1 నుండి 7 వరకు గల తరగతులను చూడుమన్నది. జిల్లాలు కూడ 10 నుండి 33 అయినవి. కావున 2022 మార్చి 28 నుండి పాత అభ్యర్థులు తమ నమోదులను సవరించుకొనవలసి వచ్చినది. నాలుగవ తరగతికి ఒక గడి, ఐదవ తరగతికి ఒక గడి అని ఒకే పట్టికలో గీసికొన్నవారికి నియమము మారినప్పుడు పట్టికనే పగులగొట్టవలసి వచ్చును. తరగతికొక వరుస వ్రాయువారికి 1, 2, 3 తరగతుల వరుసలు మూడు చేర్చిన చాలును.

ఇప్పుడు మీటను నొక్కిన క్షణమునకు వత్తము. తెరపై నున్న ఫారము ప్రతి గడికిని ఒక చిరునామా కట్టి పంపును: ‘అభ్యర్థి, పేరు’, ‘చదువు, మొదటి వరుస, జిల్లా’, ‘చదువు, రెండవ వరుస, జిల్లా’ అని. అవతల నున్న సర్వరు ఆ చిరునామాలను చూచి గడులను తిరిగి గుంపులుగా కూర్చును. తరువాత మొట్టమొదట తల్లి వరుసను వ్రాయును. వ్రాసిన వెంటనే దానికి ఒక సంఖ్య పుట్టును. ఆ సంఖ్యను ఏడు చదువు వరుసల పైనను ముద్రవలె వేసి, అప్పుడు వానిని వ్రాయును. ఈ క్రమము తప్పరాదు. తల్లికి సంఖ్య పుట్టకముందే పిల్లలను వ్రాయబోయినచో వారు ఎవరి పిల్లలో చెప్పుటకు ఆధారముండదు. వెబ్ నిర్మాణమునకు వాడు రూబీ ఆన్ రెయిల్స్, జాంగో, కేక్ పీహెచ్‌పీ వంటి సాధనములలో ఈ పనికి కావలసిన ఏర్పాటు ముందే కలదు. రెయిల్స్‌లో 2009లో దానిని చేర్చినారు. సాధనము వ్రాసిపెట్టును గాని, ఏది తల్లియో ఏది పిల్లయో నిర్ణయించు భారము నిర్మించువానిదే.

నడుమ కరెంటు పోయినచో? నాలుగు వరుసలు వ్రాయబడి మూడు మిగిలిపోయినచో? ఇదియే ఈ విషయములో అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. మా వృత్తిలో దీనికొక పోలిక కలదు. నాటకమును స్టూడియో నుండి నేరుగా ప్రసారము చేయుటకు ముందు పాత్రధారులందరు వచ్చినారా అని లెక్క చూచుకొందురు. ఒక్కరు రాకున్నను ఉన్నంతవరకు వినిపింతమనరు. నాటకమును ఆపి వేరొక కార్యక్రమమును వేయుదురు. డేటాబేస్‌లోను అంతే. తల్లి వరుసను, ఏడు పిల్ల వరుసలను ఒక కట్టగా కట్టుదురు. దీనికి ట్రాన్సాక్షన్ అని పేరు. ఎనిమిదియు సరిగా వ్రాయబడిననే కట్టకు ముద్ర పడును. ఒకటి తప్పినను ఎనిమిదియు చెరిపివేయబడి, పట్టిక మునుపటివలెనే యుండును. అప్పుడు అభ్యర్థినికి ‘నమోదు కాలేదు’ అను మాట కనిపించును. ఆ మాట ఆమెకు విసుగు కలిగింపవచ్చును. కాని నమోదైనదని చెప్పి నాలుగే వరుసలు దాచుటకంటె అది వేయిరెట్లు మేలు. ఆమె మరల ప్రయత్నింపగలదు.

సవరణ చేయునప్పుడు మరియొక చిక్కు వచ్చును. ఆమె ఐదవ తరగతి వరుసను దిద్దవలెనన్నచో, ఆ వరుస తన పాత సంఖ్యను రహస్యముగా వెంటబెట్టుకొని రావలెను. లేనిచో సర్వరు దానిని క్రొత్త వరుసగా భావించి చేర్చును. ఐదవ తరగతి రెండు మారులు చదివినట్లగును. మీటను తొందరలో రెండు మారులు నొక్కినను ఇట్టి ప్రమాదమే. అందుచేత ‘ఒక అభ్యర్థికి ఒక తరగతి వరుస ఒక్కటే’ అను కట్టుబాటును పట్టికలోనే విధింపవలెను. ఫారము మరచినను పట్టిక మరువదు.

వచ్చిన సంఖ్యను గ్రుడ్డిగా నమ్ముటయు తగదు. 2012 మార్చిలో గిట్‌హబ్ అను సంస్థకు ఈ అనుభవము కలిగినది. ప్రోగ్రాములు వ్రాయువారు తమ కృషిని దాచుకొను స్థలమది. అచ్చట ప్రతి సభ్యునకు అనుబంధముగా అతని తాళపుచెవుల వంటి సంకేతములు నమోదై యుండును. ఒక యువకుడు తన సంకేతమును నమోదు చేయుచు, అది ఎవరికి చెందినదో తెలుపు సంఖ్య స్థానమున ఇతరుల సంఖ్యను చేర్చి పంపినాడు. సర్వరు ప్రశ్నింపక స్వీకరించినది. పరుల భాండాగారములో వ్రాయు అధికారము అతనికి చిక్కినది. లోపమును లోకమునకు చూపుటకే అతడు ఆ పని చేసినాడు. సంస్థవారు వెంటనే సరిదిద్దుకొన్నారు. ఈ వరుస నిజముగా ఈ అభ్యర్థిదేనా, ఈ గడిని మార్చు హక్కు ఈమెకు కలదా అని ప్రతిసారియు సర్వరు చూడవలసినదే.

తప్పులను చూపు తీరును కూడ చెప్పవలెను. ఆరవ తరగతి గడి ఖాళీగా నున్నచో ఆ వరుస ప్రక్కనే ఆ మాట చెప్పవలెను. నింపిన తక్కిన గడులను అట్లే నిలుపవలెను. ఒక తప్పుకొరకు ఫారమంతయు తుడిచివేసి మొదటినుండి నింపుమనుట, గడువు ముగియు రాత్రి ఇంటర్నెట్ కేంద్రములో వరుసలో నిలుచున్న పిల్లలకు గొప్ప శిక్ష.

ఇంతయు యంత్రముల గొడవ అని తలపవలదు. సూర్యాపేట అమ్మాయి లెక్కను మరల చూడుడు. 2018 ఉత్తర్వులోని సామాన్య నియమము ప్రకారము 1 నుండి 7 వరకు గల తరగతులలో కనీసము నాలుగేండ్లు చదివిన చోటు స్థానికమగును. ఆమెకు సూర్యాపేటలో నాలుగు, హైదరాబాదులో మూడు. ఒక్క నాలుగవ తరగతి వరుస జారిపోయినచో ఇచ్చట మూడు, అచ్చట మూడు. ఉద్యోగములలో 95 శాతము స్థానికులకు ఉద్దేశింపబడినవి. ఆమె సంవత్సరముల తరబడి చెట్టు నీడను కూర్చుండి చదివిన చదువు ఆ ఒక్క వరుసపై ఆధారపడి యున్నది.

ఫారమును కట్టువాని బాధ్యత అట్లుండగా, నింపువారు చేయదగినవి కొన్ని కలవు. బడుల నుండి తెచ్చుకొన్న పత్రములను ముందే ఏడు తరగతులకు ఏడుగా సర్దుకొనవలెను. జిల్లా పేరు విషయమున మెలకువ అవసరము: 2016 అక్టోబరుకు పూర్వము సూర్యాపేట నల్లగొండ జిల్లాలోనిది. పాత పత్రములలో నల్లగొండ యని యుండును. 33 జిల్లాల జాబితాలో బడి ఉన్న ఊరు నేడు ఏ జిల్లాలోనిదో చూచి ఎన్నుకొనవలెను. ఇతరులచేత నింపించినను మీటను నొక్కుటకు ముందు తానే చదువుకొనవలెను. నమోదైనదన్న మాట కనబడిన తరువాత ఒకమారు బయటికి వచ్చి, మరల ప్రవేశించి, ఏడు వరుసలును ఉన్నవా అని లెక్కించుకొనవలెను. తెరపై కనిపించినది నింపిన ఫారము. మరల తెరచినప్పుడు కనిపించునది దాచిన నమోదు. లెక్కకు వచ్చునది రెండవదే.

పిల్లలు చిక్కడపల్లిలో పుస్తకముల ముందు కూర్చున్న ఈ దినములలో తల్లిదండ్రులు ఇంటివద్దనుండి చేయగల సహాయము ఒకటి కలదు. పెట్టె అడుగున నున్న ఒకటవ తరగతి పత్రమును వెదకి తీసి, అందలి సంవత్సరమును, ఊరి పేరును చదివి వారికి తెలియజేయవచ్చును. పట్టికలో మొదటి వరుస అదే.