చర్మమునకు రెండు లేపనములు

శీతకాలము వచ్చునప్పటికి హైదరాబాదులో చర్మము పొడిబారి బీటలువారుట సామాన్యమే. ఎగ్జిమా గలవారికి అంతటితో పోదు; దురదయు ఎఱ్ఱని దద్దురును వెంటవచ్చును. ముషీరాబాదులో, పూర్వము చెఱసాల యుండిన ఆవరణలోనికి 2003లో తరలివచ్చిన గాంధీ ఆసుపత్రి వంటి చోట్ల చర్మవైద్యులు ఇట్టివారికి తఱచుగా రెండు మందులు వ్రాయుదురు: ఒకటి స్టెరాయిడ్ క్రీము, రెండవది మాయిశ్చరైజరు. చిక్కంతయు ఇల్లు చేరిన పిదపనే. రెండింటిని అరచేతిలో కలిపి పూసికొనినచో పని సులువగుననియు, స్టెరాయిడు ఘాటు తగ్గుననియు కొందఱు తలతురు. అది సరికాదు.

వీని పనులు వేఱు. స్టెరాయిడు దద్దురును, మంటను అణచును. 1952లో అమెరికాలో సల్జ్‌బర్గర్, విట్టెన్ అను వైద్యులు హైడ్రోకార్టిసోన్‌ను చర్మముపై పూసి ఈ గుణమును చూపిరి. మాయిశ్చరైజరు చేయునది చర్మములోని నీరు ఆవిరిగా పోకుండ కాచుట. మొదటిది దద్దురున్న మేరకే, వైద్యుడు చెప్పినన్ని దినములే; రెండవది పొడిచర్మమంతటికి, దద్దురు తగ్గిన పిదపను. కలిపినచో స్టెరాయిడు అక్కఱలేని చోటికి ప్రాకును. కావలసిన చోట ఎంత చేరినదో తెలియదు. పలుచన చేసినంత మాత్రమున బలము లెక్కప్రకారము తగ్గునను నమ్మకమును లేదు.

స్నానము చేసి, తడి పూర్తిగా ఆరకమునుపే మాయిశ్చరైజరు పూయవలెను. సుమారు అరగంట ఆగి, స్టెరాయిడు పూయవలెను. ఏది ముందు అన్న విషయమున వైద్యులలో భిన్నాభిప్రాయములు కలవు గనుక మీ వైద్యుడు చెప్పిన వరుసనే పాటింపుడు. నడుమ వ్యవధి మాత్రము విడువకుడు.

కొలతకు చూపుడువ్రేలు చాలును. కొన మొదలు మొదటి గణుపు గీతవఱకు ట్యూబునుండి పిండిన క్రీము సుమారు అరగ్రాము. పెద్దవారి రెండు అరచేతులంత, వ్రేళ్లతో సహా, మేరకు సరిపోవును. మాయిశ్చరైజరు విషయమున ఈ పొదుపు పనికిరాదు. ఒడలంతయు పొడిబారిన పెద్దలకు వారమునకు 250 మొదలు 500 గ్రాముల వఱకు పట్టును. ఖరీదైనదే కావలెనని లేదు, సాదా వేసలైనును పనిచేయును. అయితే అది ఇంకిన బట్టలు త్వరగా అంటుకొనును; పొయ్యి దగ్గఱ జాగ్రత్త.

తార్నాక హాస్టళ్లలోని విద్యార్థులకు ఒక మాట. చేతికిచ్చిన క్రీమును ముఖమునకు పూయరాదు. ముంజేతికంటె నుదుటిచర్మము హైడ్రోకార్టిసోన్‌ను 6 రెట్లు, దవడచర్మము 13 రెట్లు పీల్చునని 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అను పరిశోధకులు తెలిపిరి. తెలుపు వచ్చునని స్టెరాయిడు కలిసిన క్రీములను నెలల తరబడి పూసినవారి ముఖమున చర్మము పలుచనై, ఎఱ్ఱని నాళములు తేలి, మొటిమలు లేచును. హఠాత్తుగా మానినచో మంట పైకొనును; కావున మానుటయు వైద్యుని సలహాపైననే. 2018లో కేంద్రప్రభుత్వము 14 స్టెరాయిడ్ లేపనములను, చీటీ లేనిదే అమ్మరాని మందుల పట్టికలో చేర్చినది.

మన ఇండ్లలో ఎగ్జిమాను, శిలీంధ్రమువలన కలుగు చక్రాల మచ్చను గూడ ‘తామర’ యనియే పిలుచుట మఱొక చిక్కు. రెండవదానికి స్టెరాయిడు పూసినచో దురద కొన్నాళ్లు తగ్గి, లోలోపల శిలీంధ్రము వ్యాపించును. మచ్చ ఆకారమే మాఱిపోవును. అట్లు వాడియున్నవారు ఆసుపత్రికి పోవునపుడు ఆ ట్యూబును వెంట గొనిపోవలెను. దానిపై పేరు చదివినచో వైద్యునికి సగము సంగతి తెలియును.