దూరనిర్ణయ సూత్రాలకు పేటెంటు వర్తిస్తుందా? - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

కొవ్వూరు గోష్పాద రేవులో నిలిచి, గోదావరి ఆవలి గట్టుమీది ఒక గుర్తు ఎంత దూరంలో ఉందో నది దాటకుండానే లెక్కించవచ్చు. ఈవలి గట్టున ఒక ఆధారరేఖను కొలిచి, దాని రెండు కొనల వద్ద ఆ గుర్తు చేసే కోణాలను తెలుసుకుంటే చాలు, మిగిలినది త్రికోణమితి. తుపాకి గురికి దూరం నిర్ణయించే పద్ధతులకూ ఇటువంటి ప్రాథమిక సూత్రాలే ఆధారం. వాటిపై ఒక్కరికే హక్కు దక్కుతుందా అన్నది ఈ వ్యాసంలోని చర్చాంశం.

2. సూత్రం - ఉమ్మడి సొత్తు

2 మీటర్ల ఎత్తుగల లక్ష్యం ఒక మిల్లీరేడియన్ కోణంలో కనిపిస్తే దాని దూరం 2000 మీటర్లు. లేజర్ కాంతి లక్ష్యాన్ని తాకి తిరిగి రావడానికి 20 మైక్రోసెకన్లు పడితే దూరం దాదాపు 3 కిలోమీటర్లు. మొదటి లెక్కకు జ్యామితి, రెండవదానికి కాంతివేగం మూలం. నీడల లెక్కలను వివరించే ఛాయావ్యవహారం 9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుని ‘గణితసారసంగ్రహం’లోనే ఉంది. పావులూరి మల్లన తెనిగించినది ఈ గ్రంథాన్నే.

3. చట్టం గీసిన హద్దు

భారత పేటెంట్ల చట్టం (1970) సెక్షన్ 3(సి) ప్రకారం కేవల శాస్త్రసూత్ర ఆవిష్కరణ పేటెంటుకు అర్హం కాదు. సెక్షన్ 3(కె) గణితపద్ధతులను, అల్గారిథమ్‌లను మినహాయించింది. కనుక కొత్త లెక్కింపు పద్ధతి అయినా, అది గణితం మాత్రమే అయితే హక్కు లభించదు.

అయితే సూత్రాన్ని వినియోగించుకున్నంత మాత్రాన పరికరం అనర్హం కాదు. రబ్బరును పదునుచేసే ప్రక్రియకు సంబంధించిన వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు 1981లో ఈ భేదాన్నే పాటించింది: అందులోని సమీకరణం ఎవరి సొత్తూ కాదు, దానిని ఉపయోగించుకొనే పారిశ్రామిక ప్రక్రియ మాత్రం అర్హమే. అదే విధంగా, ఎండ వెలుగులో బలహీనమైన లేజర్ ప్రతిఫలనాన్ని గుర్తించే సర్క్యూట్ నూతనమై, నిపుణులకు సులభంగా స్ఫురించనిదై, పారిశ్రామికంగా ఉపయోగపడేదైతే పేటెంటు కోరవచ్చు. ఆ హక్కు దరఖాస్తు తేదీ నుండి 20 ఏళ్లు ఉంటుంది. అదీ దరఖాస్తులోని క్లెయిములు పేర్కొన్నంత వరకే.

4. ముగింపు

సూత్రానికే హక్కు కల్పిస్తే పొలం కొలిచే సర్వేయరు సైతం అనుమతి కోరవలసి వస్తుంది. పరికరానికీ రక్షణ లేకపోతే దానికై శ్రమించినవారికి ఫలం దక్కదు. చట్టం ఈ రెంటి నడుమ నిలుస్తుంది. పరిశోధకులు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. దరఖాస్తుకు ముందే వివరాలను ప్రచురిస్తే, చట్టం అనుమతించిన కొద్ది సందర్భాలలో తప్ప, నూతనత్వం కోల్పోయినట్లే.