డివిడెండు ఎక్కడినుండి వచ్చును?

సర్వసభ్య సమావేశమున మన నేత సోదరులు తప్పక అడుగు ప్రశ్న ఒకటి కలదు: "ఈ ఏడు డివిడెండు ఎంత?" ప్రశ్న న్యాయమైనదే. కాని అంతకు ముందు అడుగవలసినది వేరొకటి: "ఆ సొమ్ము ఎక్కడినుండి వచ్చుచున్నది?" పొలసర, బరంపురం వైపు లెక్కలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో వ్రాయబడును. ఇంట తెలుగు మాట్లాడు సభ్యుడు వినీ వినక సంతకము పెట్టి లేచిపోవును. అందుచేత ఈ నాలుగు మాటలు.

సభ్యుడు కట్టిన వాటా ధనము సంఘమునకు అప్పు కాదు. అది సొంత మూలధనము. బ్యాంకు అప్పునకు లాభమున్నను లేకున్నను వడ్డీ కట్టవలెను. వాటాకు లాభమున్నప్పుడే డివిడెండు. సంఘము ఆస్తులలోనుండి అప్పులన్నియు తీసివేయగా మిగిలినదే సభ్యులందరి సొంత ధనము.

కంపెనీలో సాధారణముగా వాటాల కొలది ఓట్లు. సహకార సంఘములో మనిషికొక ఓటు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది, వారిలో నేతగాండ్రును గలరు, తలకొక పౌను వేసుకొని దుకాణము తెరచిరి. వాటాకు పరిమితమైన వడ్డీ ఇచ్చి, మిగిలిన లాభమును కొనుగోళ్లనుబట్టి పంచుకొనిరి. గంజాం మద్రాసు రాజధానిలో నుండగా వచ్చిన 1912 సహకార చట్టము, నికర లాభములో నాలుగవ వంతు రిజర్వు నిధికి చేర్చిన పిదపనే పంపకమని విధించెను. ఒరిస్సాకు 1962లో వేరు చట్టము వచ్చినది.

ఒక లెక్క చూతము. వాటా ధనము రూ. 40,000, పాత నిధి రూ. 10,000, ఈ ఏటి నికర లాభము రూ. 8,000 అనుకొందము. నిధికి నాలుగవ వంతు రూ. 2,000. వాటాలపై నూటికి 6 చొప్పున డివిడెండు రూ. 2,400. మజూరీనిబట్టి బోనసు రూ. 2,000. మిగిలిన రూ. 1,600 వచ్చే ఏటికి. సభ్యుల సొంత ధనము రూ. 50,000 నుండి రూ. 53,600 అయినది. తీర్మానించిన డివిడెండు, చెల్లించువరకు సంఘము బాకీగా వ్రాయవలెను.

ఇచటనే అసలు చిక్కున్నది. పుస్తకములోని లాభము పెట్టెలోని నగదు కాదు. ఆ రూ. 8,000 బీరువాలోని అమ్ముడుపోని చీరలై యుండవచ్చును. రావలసిన బాకీలై యుండవచ్చును. అట్టి సమయమున నూలు కొనుటకు తెచ్చిన అప్పులోనుండి డివిడెండు పంచినచో, పండుగనాడు చేతికి నాలుగు రూపాయలు వచ్చును. మరునెలలో పడుగుకు నూలుండదు. మగ్గము ఆగినచో పోవు మజూరీ ఆ డివిడెండుకంటె ఎన్నియో రెట్లు.

మరియొక మాట. మాసిన చీరను, వాడుకపోయిన రంగుల బట్టను నిండు ధరకు కట్టి చూపినచో లేని లాభము కనబడును. నిల్వ సరుకును అయిన ఖర్చు, అమ్మగా వచ్చు ధర, ఈ రెండింటిలో తక్కువదానికి కట్టుటయే సరియైన పద్ధతి.

కావున వచ్చే సమావేశమున ప్రతి సభ్యుడును మూడు ప్రశ్నలు వేయవలెను: నిధికెంత చేర్చిరి? నగదెంత యున్నది? నిల్వ సరుకు ఏ ధరకు కట్టిరి? జవాబు తెలుగున చెప్పుమని కోరవలెను. వాటా మనది, లెక్క తెలిసికొను హక్కును మనదే.