బెదిరిన బగ్గీ గుర్రానికి విశ్రాంతి ఎందుకు?

కోల్‌కతాలో విక్టోరియా మెమోరియల్ ఎదుట పర్యాటకులను తిప్పే గుర్రపు బగ్గీలు వాహనాల మధ్యే నడుస్తాయి. పెద్ద హారన్‌కు గుర్రం బెదిరి పరుగు తీస్తే దానికీ, బండిలోని వారికీ, దారిన పోయేవారికీ ముప్పే.

ప్రమాదం అనిపిస్తే పారిపోవడమే గుర్రం సహజ రక్షణ. అడ్రినలిన్ విడుదలై, మామూలుగా నిమిషానికి 30–40 సార్లు కొట్టుకునే గుండె జోరందుకుంటుంది. కానీ బండికి కట్టిన గుర్రం ఎంత పరిగెత్తినా వెనుక చక్రాల చప్పుడు వదలదు. భయం ఇంకా పెరుగుతుంది.

మెదడులోని అమిగ్డలా ఆ చప్పుడును భయంతో ముడిపెడుతుంది. శిక్షణతో గుర్రం కుదుటపడినా పాత జ్ఞాపకం పూర్తిగా చెరిగిపోదు. అలాంటి చప్పుడే వినిపిస్తే తిరిగి మేల్కొనవచ్చు. అందుకే రద్దీ రోడ్డుపై దాన్ని మళ్లీ బగ్గీకి కట్టకపోవడమే క్షేమం. పని మాన్పించి వీధిలో వదిలేస్తే మాత్రం అది విశ్రాంతి కాదు. మేత, నీరు, గిట్టల సంరక్షణ, తోడుగా మరో గుర్రం ఉండాలి.