తుపాకీకి తోలు ఒర

నడుము బెల్టుకు తగిలించుకుని పిస్టల్‌ను గానీ రివాల్వర్‌ను గానీ భద్రంగా ఉంచుకునే తోలు తొడుగును ఇంగ్లీషులో హోల్‌స్టర్ అంటారు. కత్తికి ఒర ఎలాగో తుపాకీకి ఇది అలాగే కనుక దీన్ని తెలుగులో తుపాకీ ఒర అనడం సబబు. పర్సులోనో సంచిలోనో కొలత కాస్త అటూ ఇటూ అయినా పని గడిచిపోతుంది గానీ, ఒర విషయంలో ఆ వెసులుబాటు లేదు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. తుపాకీ ఒరలోనైతే రెండు వేర్వేరు నమూనాల పిస్టళ్లు ఒకదాని తర్వాత ఒకటి పెట్టినా సరిగా ఇమడవు, ఎందుకంటే ఒక దాని కోసం మలచిన తోలులో అంతకన్నా లావైనది దూరదు, సన్ననిది నిలవదు. ఈ కచ్చితత్వమే అమెరికాలో ఎంతోమందిని సెలవు రోజుల్లో ఇంటి గ్యారేజీలో కూర్చుని ఒరలు కుట్టేలా చేస్తోంది. కాలిఫోర్నియాలో పోలీసు ఉద్యోగం చేస్తూ 1950ల్లో ఇంటి దగ్గరే ఒరలు కుట్టడం మొదలుపెట్టిన జాన్ బియాంకీ తర్వాత పెద్ద తయారీ సంస్థకు అధిపతి అయ్యాడు. అయితే ఈ పని పట్టినవారిలో అత్యధికులు ఏడాదికి కొన్ని ఒరలు చేసుకుని తృప్తి పడేవారే.

తొలినాళ్లలో ఒర ఉండేది మనిషి నడుముకు కాదు, గుర్రపు జీనుకు; ఒక్కసారి మాత్రమే పేలే బరువైన పిస్టళ్లను రౌతులు జీను ముందుభాగాన వేలాడే తోలు తొడుగుల్లో జతగా ఉంచుకునేవారు. శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో పేటెంటు పొందిన రివాల్వర్ క్రమంగా వాడుకలోకి రావడం, 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడి జనం అక్కడికి తరలివెళ్లడం, ఈ రెండూ కలిసి నడుముకు కట్టుకునే ఒరకు గిరాకీ తెచ్చాయి. ఆ గిరాకీని తీర్చినవారు జీనులు కుట్టే పనివారే కాబట్టి ఒర నిర్మాణంలో, కుట్టులో, తోలుమీద చెక్కే పూలతీగల్లో జీను పనితనం ఈనాటికీ కనిపిస్తుంది. రివాల్వర్ ఆకారాన్ని అంటిపెట్టుకుని సన్నగా ఉండే ఆనాటి ఒరను కాలిఫోర్నియా నమూనా అనీ, వెనుక వెడల్పాటి తోలును కిందికి మడిచి అందులో కోసిన చీలికల గుండా ఒరను దూర్చే తర్వాతి పద్ధతిని మెక్సికన్ లూప్ అనీ అంటారు. కృష్ణ నటించిన 'మోసగాళ్లకు మోసగాడు' (1971) నుంచి తెలుగువారికీ పరిచయమైన కౌబాయ్ సినిమా లోకంలో, రెప్పపాటులో తుపాకీ దూసే వీలున్న ఒర చాలావరకు హాలీవుడ్ సృష్టి. 1950ల్లో ఆర్వో ఒజాలా అనే వ్యక్తి తోలు పొరల మధ్య లోహపు రేకు పెట్టి, రివాల్వర్ గుండ్ల చక్రం ఒరలోనే తిరిగేంత చోటు ఉండేలా దాన్ని రూపొందించాడు. పాత పడమటి సీమల్లో నిజంగా వాడిన ఒరలు లోతుగా, తుపాకీని చాలావరకు కప్పుతూ ఉండేవి, ఎందుకంటే గుర్రంమీద పోయేవాడికి వేగంగా దూయడం కన్నా తుపాకీ జారిపడకుండా ఉండడం ముఖ్యం.

ఒరకు ఏ తోలైనా పనికిరాదు. పచ్చి చర్మంలో ప్రధానంగా ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు కుళ్లిపోకుండా చేసే ప్రక్రియనే తోలు పదును చేయడం అంటారు. నేడు ప్రపంచంలో అధికభాగం తోలును క్రోమియం లవణాలతో పదును చేస్తున్నారు. ఆ తోలు మెత్తగా, సాగుతూ ఉండి చెప్పుల పైభాగాలకూ కోట్లకూ నప్పుతుంది గానీ, తడిపి ఒక ఆకారంలోకి నొక్కినా ఆరాక ఆ ఆకారాన్ని నిలుపుకోదు. చెట్ల బెరడులోని టానిన్లు అనే వగరు పదార్థాలతో నిదానంగా పదును చేసిన తోలు మాత్రం నీరు పీల్చి బంకమట్టిలా లొంగి, ఆరినప్పుడు నొక్కిన రూపంలోనే బిగుసుకుంటుంది. ఒర తయారీ మొత్తం ఈ ఒక్క గుణంమీద నిలిచి ఉంది. ఈ పద్ధతి తెలుగు నేలకు కొత్తది కాదు. తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందలలో తోళ్లను నానబెట్టి పదును చేయడం ఇక్కడ తరతరాల విద్య, అలా దక్షిణాదిన తయారైన తోళ్లు మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు ఎగుమతి అయ్యేవి. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు అందరికీ తెలిసినంతగా ఆ చెట్టు బెరడు చేసిన ఈ ఉపకారం తెలియకపోవడం విచారకరం.

అమెరికాలో తోలు మందాన్ని ఔన్సుల్లో చెబుతారు. ఇక్కడ ఔన్సు అంటే అంగుళంలో 64వ వంతు, అంటే సుమారు 0.4 మిల్లీమీటరు. ఒరలకు ఎక్కువగా 7 నుంచి 9 ఔన్సుల తోలు, అంటే దాదాపు 3 నుంచి 3.5 మిల్లీమీటర్ల మందం గలది వాడతారు. పశువు పొట్ట భాగపు తోలు వదులుగా సాగిపోతుంది కనుక వీపు, పిరుదుల తోలునే ఎంచుకోవాలి. తర్వాత పిస్టల్‌ను అట్టమీద పడుకోబెట్టి చుట్టూ గీత గీసి, కుట్టు ఆ గీతకు ఎంత దూరంలో పడాలో లెక్కకడతారు. పిస్టల్ మందంలో సగానికి తోలు మందం కలిపితే ఆ దూరం స్థూలంగా వస్తుంది. 25 మిల్లీమీటర్ల మందం గల పిస్టల్‌కు 3 మిల్లీమీటర్ల తోలు వాడితే కుట్టు గీతకు 15 లేదా 16 మిల్లీమీటర్ల అవతల పడాలన్నమాట. కొత్తవారి తొలి ఒరలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి, అనుభవజ్ఞులు ఖరీదైన తోలును ముట్టకముందు అట్టముక్కలను మడిచి, పిన్నులు కొట్టి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటారు.

కుట్టు పనికి యంత్రం వాడేవారున్నా, అభిరుచితో చేసేవారు గౌరవించేది జీను కుట్టునే. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రంలోనూ ఒక సూదిని ఇటునుంచి అటూ, మరొకదాన్ని అటునుంచి ఇటూ దూర్చి బిగించడం దీని పద్ధతి. కుట్టు యంత్రంలో పైదారమూ కిందిదారమూ మధ్యలో మెలిపడి నిలుస్తాయి, అందుచేత ఒకచోట దారం తెగితే పక్క కుట్లు కూడా వదులవుతాయి. జీను కుట్టులో దారం ఒకవైపు అరిగి తెగినా రెండో వరస అదే రంధ్రాలగుండా పోతూ తోలును పట్టి ఉంచుతుంది. దారం కుట్టు పొడవుకు నాలుగు రెట్లకు తగ్గకుండా ఉండాలి, తేనెమైనం పట్టించాలి, అంగుళానికి 6 నుంచి 8 కుట్లు సమానంగా పడాలి. ఆరె, రంపె, మైనం పట్టించిన దారం తెలుగు పల్లెల్లో చెప్పులు కుట్టినవారి చేతి పనిముట్లే. అమెరికాలో ఇష్టంతో ఎంచుకుని నేర్చుకునే పని ఇక్కడ పుట్టుకతో మీద పడిన వృత్తి అయింది, అంతటి నేర్పుకు దక్కవలసిన మన్నన దక్కలేదు. ఆల్ స్టోల్‌మన్ అనే తోలు పనివాడు ఒరల తయారీమీదా చేతి కుట్టుమీదా బొమ్మలతో రాసిన పుస్తకాలు అమెరికాలో ఎందరికో ఇంటి గురువులయ్యాయి; ఆరె పట్టిన తెలుగు చేతుల విద్య కూడా అలా పుస్తకానికెక్కవలసి ఉంది.

రంగు వేయడం, అంచులను గీకి తడిపి చెక్కతో రుద్ది నునుపు చేయడం ఓపికకు సంబంధించిన పనులు. ఒరకు ప్రాణం పోసేది తోలును తడిపి మలచడం. కుట్టిన ఒరను గోరువెచ్చని నీటిలో కొద్దిసేపు ముంచి, పలుచని ప్లాస్టిక్ కాగితం చుట్టిన పిస్టల్ ఆకారపు డమ్మీని అందులోకి నెట్టి, మొదట బొటనవేళ్లతోనూ తర్వాత నున్నని ఎముక ముక్కతోనూ తోలును దాని వంపుల్లోకి నొక్కుతారు. ట్రిగ్గర్‌ను చుట్టి ఉండే కడ్డీ దగ్గరా, ఖాళీ తూటా తొడుగులు బయటపడే కంత దగ్గరా తోలు ఎంత లోతుగా దిగితే ఒర పిస్టల్‌ను అంత గట్టిగా పట్టుకుంటుంది; మరీ లోతుగా దిగితే దూయవలసినప్పుడు బయటికి రాదు. గొట్టం కొసన ఉండే గురి మొన తోలును గీరకుండా, డమ్మీ పైభాగాన సన్నని కర్రపుల్ల అంటించి, ఆ మొన కదిలేందుకు దారి వదులుతారు. తర్వాత ఒక రోజైనా నీడలో ఆరనివ్వాలి. తొందరపడి వేడి తగిలిస్తే తడి తోలు 70 డిగ్రీల సెల్సియస్ దాటే సరికి ముడుచుకుని, పెళుసెక్కి, ఇక ఎందుకూ పనికిరాకుండా పోతుంది. చక్కగా ఆరిన ఒరను గోటితో కొడితే చెక్కమీద కొట్టినట్టు మోగుతుంది.

డమ్మీ వాడకం సౌకర్యం కోసమే కాదు. నీలిరంగు ప్లాస్టిక్‌తో అసలు కొలతలకు పోతపోసిన ఈ నమూనాలు పేలవు, తుప్పు పట్టవు. అసలు పిస్టల్‌నే వాడవలసి వస్తే తూటాలన్నీ తీసి, వాటిని వేరే గదిలో పెట్టాకే పని మొదలుపెట్టాలన్నది ఈ వృత్తిలో మొదటి నియమం. పూర్తయిన ఒరలో కూడా పిస్టల్‌ను దీర్ఘకాలం దాచిపెట్టకూడదు, ఎందుకంటే తోలు గాలిలోని తేమను పీల్చి ఉక్కుకు తుప్పు పట్టిస్తుంది.

అంతకన్నా ముఖ్యం ట్రిగ్గర్. 1920ల్లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో మైర్స్ కార్ఖానా తయారుచేసిన టామ్ త్రీపర్సన్స్ అనే నమూనా ఒర వేగంగా దూయడం కోసం ట్రిగ్గర్ భాగాన్ని బయటికే వదిలేసింది. ఎంతో పేరు తెచ్చుకున్న ఆ నమూనాను నేటి పిస్టళ్లకు ఉన్నదున్నట్టు అనుకరించడం ప్రమాదం. ట్రిగ్గర్ పూర్తిగా తోలుతో కప్పి ఉండాలనీ, పిస్టల్ తీశాక కూడా ఒర నోరు తెరుచుకునే ఉండాలనీ ఇప్పటి తయారీదారులు పట్టుబడతారు. ఏళ్ల తరబడి వాడిన ఒర నోటి దగ్గర మెత్తబడి లోపలికి మడత పడితే, పిస్టల్‌ను తిరిగి పెట్టేటప్పుడు ఆ మడతే ట్రిగ్గర్‌ను నొక్కగలదు. అందుకే నోటి చుట్టూ రెండో తోలు పట్టీ కుడతారు, కొందరు దాని నడుమ సన్నని ఉక్కు రేకు కూడా పెడతారు. వేడిచేసి మలిచే కైడెక్స్ అనే ప్లాస్టిక్ రేకు మెత్తబడి మడత పడదు కనుకనే చాలామంది అటు మళ్లారు. తోలునే నమ్ముకున్న పనివాడు తన పాత ఒరలను అప్పుడప్పుడు వంచి చూసి, నోరు మెత్తబడిన దాన్ని ఎవరికీ ఇవ్వకుండా రంపెతో రెండుగా కోసి, దాచి ఉంచిన అట్ట నమూనాను కొత్త తోలుమీద పరిచి మళ్లీ గీత గీస్తాడు.