కొత్తగా బరువులెత్తేవారికి తుంటి నొప్పి, తొడల నొప్పి: ఏది అలసట? ఏది రోగం?

గత మాఘమాసంలో ఒకనాటి ఉదయం ఒక యువకుడు మా వైద్యశాలకు వచ్చాడు. వయస్సు 29. చూడటానికి ఆరోగ్యవంతుడే. కానీ బల్లమీద కూర్చోవడానికి రెండు చేతులూ ఆనించవలసి వచ్చింది, లేవడానికి తల్లి భుజం పట్టుకోవలసి వచ్చింది. రెండు రోజుల క్రితమే జిమ్‌లో చేరాడట. చేరిన మొదటినాడే భుజాలపై 40 కిలోల బరువు పెట్టుకొని, స్క్వాట్ల పేరిట, ముప్పైసార్లకు పైగా గొంతుకూర్చుని లేచాడు. మరునాటి సాయంత్రానికి తొడలు, పిరుదులు రాయిలా బిగుసుకుపోయాయి.

"డాక్టరుగారూ, వీడి నడుం పోయిందేమోనని రాత్రంతా నిద్ర లేదండి. నా మాట వినడు. ఆ బరువులు మానేయమని మీరైనా చెప్పండి" అన్నది తల్లి.

నేను మానేయమని చెప్పలేదు. వ్యాయామాన్ని ఆయుర్వేదం నిందించదు. శరీరానికి తేలికదనం, పనిచేసే శక్తి, స్థిరత్వం, కష్టాన్ని ఓర్చుకునే గుణం, జఠరాగ్ని వృద్ధి వ్యాయామం వలన కలుగుతాయని చరకుడు సూత్రస్థానంలో చెప్పాడు. అయితే అక్కడే 'మాత్ర' అనే నియమం పెట్టాడు. శక్తికి మించి చేసేవాడిని ఏనుగును ఈడ్వబోయి నశించే సింహంతో పోల్చాడు. సింహం బలహీనమైనదని ఆయన అనలేదు, గమనించండి.

బరువులెత్తడం మొదలుపెట్టినవారిలో కనిపించే కాళ్ళ నొప్పులన్నీ ఒకటి కావు. ఆ భేదం ఇంట్లోవారికి తెలిస్తే సగం భయం పోతుంది. అంతకంటె ముఖ్యంగా, భయపడవలసిన చోట ఆలస్యం జరగదు.

ఈ యువకుడికి వచ్చింది అలసిన కండరాల నొప్పి. ఇది బరువెత్తిన వెంటనే రాదు. 12 నుండి 24 గంటల తరువాత మొదలై, రెండవ, మూడవ రోజుల్లో హెచ్చి, సాధారణంగా వారంలోపల తగ్గిపోతుంది. రెండు కాళ్ళలోనూ దాదాపు సమానంగా ఉంటుంది. నొక్కితే కండరం నొస్తుంది. మెట్లెక్కడం కంటె దిగడం కష్టమవుతుంది. ఎందుకంటే, దిగేటప్పుడూ కూర్చునేటప్పుడూ తొడ కండరం బరువును మోస్తూనే సాగవలసి వస్తుంది. అలవాటులేని కండరపు పోగుల్లో అప్పుడు సూక్ష్మమైన చీలికలు ఏర్పడి వాపు పుడుతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకొనడం వల్ల ఈ నొప్పి వస్తుందని చాలామంది ఇప్పటికీ అంటారు. అది సరికాదు. ఆ ఆమ్లం వ్యాయామం ముగిసిన గంట, రెండు గంటల్లోనే రక్తం నుండి తొలగిపోతుంది.

దీనికి పెద్ద మందులక్కరలేదు. మంచం పట్టకుండా ఇంట్లోనే మెల్లగా నడవాలి. నువ్వులనూనె గోరువెచ్చగా చేసి, తొడలకు, పిరుదులకు పైపైన నిమరాలి. పిసకకూడదు. కొత్తగా చేరినవారిని స్నేహితులు బలంగా తొక్కి, నలిపి నొప్పి పెంచడం నేను చాలాసార్లు చూశాను. అరగంట ఆగి, వావిలాకు వేసి కాచిన నీటితో స్నానం చేయాలి. వావిలి మన పొలంగట్లమీద ధారాళంగా దొరికేదే. పట్టణంలో దొరకకపోతే ఉప్పుమూటతో కాపడం సరిపోతుంది. ఒక్క హెచ్చరిక మాత్రం మరువరాదు. కండరాలు విపరీతంగా వాచి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే నూనెలు పక్కనబెట్టి ఆనాడే ఆసుపత్రికి వెళ్ళాలి. దెబ్బతిన్న కండరపు ద్రవ్యం రక్తంలో కలిసి మూత్రపిండాలను చెరచే స్థితి అది.

బరువెత్తే క్షణంలోనే ఏదో పుటుక్కుమన్నట్లయి, కమిలి, వాచితే అది బెణుకో, కండరపు చీలికో అవుతుంది. మొదటి రెండు రోజులు దానికి మర్దనం గాని, వేడికాపడం గాని పనికిరావు. చన్నీటిగుడ్డ వేసి, విశ్రాంతి ఇచ్చి, వైద్యునికి చూపించాలి.

గృధ్రసి

రెండవది వేరు దారిలో నడిచే నొప్పి. పిరుదుల వద్ద మొదలై నడుము, తొడ వెనుక భాగం, మోకాలు, పిక్క మీదుగా పాదం వరకు గీత గీసినట్లు దిగుతుంది. చరకుడు గృధ్రసికి చెప్పిన మార్గం ఇదే. సామాన్యంగా ఒక కాలికే వస్తుంది. దగ్గినా, తుమ్మినా, ముక్కినా పోటు పుడుతుంది. చీమలు పాకినట్లు, తిమ్మిరి పట్టినట్లు ఉండవచ్చు. ఈ వ్యాధిలో కాలు పైకెత్తే శక్తి అడ్డగించబడుతుందని సుశ్రుతుడు చెప్పాడు. మా గురువుగారు నడుంనొప్పి అని వచ్చిన ఎవరినైనా సరే, తైలపు సీసా ముట్టకముందు చాపమీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు ఎత్తి చూసేవారు. నేటి ఎముకల వైద్యులు చేసే మొదటి పరీక్షా అదే.

నడుము వంచి నేలమీది బరువును ఒక్కసారిగా లాగినప్పుడు వెన్నుపూసల మధ్యనున్న డిస్కు వెనుకకు జరిగి నరాన్ని ఒత్తడం దీనికి ముఖ్య హేతువు. ఇట్టివారు బరువులు పూర్తిగా ఆపివేయాలి. అధికభాగం శస్త్రచికిత్స లేకుండానే కొన్ని వారాల్లో తేరుకుంటారు. శొంఠి కషాయంలో ఆముదం, రాస్నాసప్తక కషాయం, యోగరాజ గుగ్గులు వంటివి దీనికి ప్రసిద్ధమైనవే గాని, మోతాదు వైద్యుడు నిర్ణయించవలసినవి. పాదం ఎత్తలేకపోయినా, కూర్చునే భాగం మొద్దుబారినా, మూత్రం బిగిసినా లేక తెలియకుండా పోయినా ఒక్క పూట కూడా ఆలస్యం చేయరాదు.

నేను పొరబడిన సందర్భం

మూడవదానిని గురించి రాయడం నాకు సులభం కాదు. 2022లో 34 ఏళ్ళ ఉపాధ్యాయుడొకరు నా వద్దకు వచ్చారు. నీరసం పోగొట్టుకోవడానికి బరువులెత్తడం మొదలుపెట్టి నెలన్నర అయింది. కుడి గజ్జలో నొప్పి. బాసింపట్టు వేసుకొని కూర్చోలేకపోతున్నానన్నారు. బరువుల వల్ల కండరం పట్టిందని తలచి మహానారాయణ తైలం, కాపడం చెప్పాను. వారంలో కొంత ఉపశమనం కలిగింది. ఆ ఉపశమనమే హాని చేసింది. ఆయన మళ్ళీ బరువులెత్తారు. మూడు వారాలకు కుంటడం మొదలైంది.

అప్పుడు గాని నాకు అడగాలని తోచలేదు. 2021 వేసవిలో ఆయన కోవిడ్‌తో ఆసుపత్రిలో ఉన్నారు, స్టెరాయిడ్లు వాడారు. ఆ మందు ఆనాడు ఎందరి ప్రాణాలనో నిలబెట్టింది. దానిని తప్పుపట్టడం లేదు. కానీ కొందరిలో అది తొడ ఎముక తలకు రక్తప్రసరణను తగ్గిస్తుంది, ఎముక లోలోపల చచ్చుబడుతుంది. ఎవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు. అతిగా మద్యం సేవించేవారిలోనూ వస్తుంది. మొదటి దశలో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ఈయన విషయంలోనూ అంతే జరిగింది. ఎం.ఆర్.ఐ.లో బయటపడింది. శస్త్రచికిత్స జరిగింది. నేడు ఆయన నడుస్తున్నారు, పాఠం చెబుతున్నారు. మెట్ల దగ్గర మాత్రం ఆగుతారు. ఆహారం, నిద్ర, మలబద్ధకం గురించి అడిగిన నేను, గత ఏడాది వాడిన మందుల గురించి అడగలేదు. ఆ మూడు వారాల జాప్యానికి బాధ్యుడిని నేనే.

కావున పాఠకులకు మనవి. పిరుదుల మీద గాక గజ్జలోపల నొప్పి పుట్టి, కాలు లోపలికి తిప్పినప్పుడు హెచ్చితే, రెండు వారాలకు మించి ఇంటి వైద్యం చేయవద్దు. వెళ్ళిన వైద్యునికి పాత మందుల సంగతి, ఆయన అడగకపోయినా, చెప్పండి. కండలు త్వరగా పెరగడానికని ఎవరో ఇచ్చిన పేరులేని పొడులూ, సూదిమందులూ ఆ జాబితాలోకే వస్తాయి.

ఎలా మొదలుపెట్టాలి?

పూర్వం మన ఇళ్ళలో నేలమీద పీట వేసుకొని తినేవారు, గొంతుకూర్చుని కూరలు తరిగేవారు. తుంటి, మోకాలు, చీలమండ రోజుకు ఎన్నోసార్లు పూర్తిగా ముడుచుకొనేవి. నేడు యువకుడు పది గంటలు కుర్చీలో ఉండి, అటునుంచి అటే జిమ్‌కు వెళుతున్నాడు. తుంటి ముడవదు, చీలమండ వంగదు. బరువుతో కిందికి దిగేసరికి ఆ లోటును నడుము వంగి తీర్చవలసి వస్తుంది. నొప్పికి బీజం అక్కడ ఉన్నది. నా బాల్యంలో మా ఊరి తాలింఖానా ఉస్తాదు కొత్తవారిని నెలలతరబడి దండీలు, బస్కీలే తీయించేవాడు. సంగడాలు ముట్టనిచ్చేవాడు కాదు. మేము విసుక్కునేవాళ్ళం.

మంచి అలవాటును పాదాంశంగా, అంటే పావుపావుగా చేసుకోవాలన్న చరకుని క్రమాన్ని ఇక్కడ పాటించవచ్చు. మొదటి రెండు వారాలు బరువు లేకుండా కుర్చీ అంచు వరకు కూర్చుని లేవడం చాలు. తరువాత జిమ్‌లోని ఖాళీ కడ్డీ. అదే 20 కిలోలుంటుందని చాలామందికి తెలియదు! పదిసార్లు నడుము వంగకుండా, ఊపిరి బిగబట్టకుండా చేయగలిగితే వారానికి రెండు రెండున్నర కిలోలకు మించకుండా పెంచాలి. కాళ్ళ వ్యాయామానికి ఒకరోజు విడిచి ఒకరోజు. శాస్త్రం చెప్పిన అర్ధశక్తికి గుర్తులు నుదుట, చంకల్లో చెమట, నోరు ఎండటం, నోటితో ఊపిరి తీయవలసి రావడం. అక్కడ ఆగాలి.

ఆడపిల్లలకు ఇవి తగవా అని అడిగేవారున్నారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి మన శ్రీకాకుళం జిల్లా బిడ్డ. నియమం ఇద్దరికీ ఒక్కటే.

జిమ్ మొహం చూడనివారూ బరువులెత్తుతూనే ఉంటారు. బియ్యం బస్తా 25 కిలోలు. నిండు గ్యాస్ సిలిండరు సుమారు 30. నడుము వంచి లాగక, మోకాళ్ళు వంచి, బరువును పొట్టకు దగ్గరగా తీసుకొని లేవాలి. సిలిండరును ఎత్తవలసిన పనే లేదు, అంచుమీద దొర్లించవచ్చు.

ఆ యువకుడు ఆరవ రోజుకు మామూలుగా నడిచాడు. ఇప్పుడు ఖాళీ కడ్డీతో చేస్తున్నాడట. బలానికి ఏం పెట్టమంటారని తల్లి అడిగితే సున్నుండలు చెప్పాను. మినుములు బలకరం, వాతహరం. రోజుకు ఒకటి చాలన్నాను. ఆమె మూడు పెడుతున్నదని మొన్న అతడే ఫిర్యాదు చేశాడు.